పంజరంలోని పాట



హిమాలయాల నుండి మయన్మార్, థాయిలాండ్, మలేసియాల మీదుగా ఇండోనేషియాలోని సుమత్రా దీవి వరకు గల పర్వతారణ్యాలలో మీసియా అనే చిన్న పక్షి నివసిస్తుంది. నల్లని తల, పసుపుపచ్చని రొమ్ము, రెక్కలపై ఎర్రని మచ్చ, చెవుల వద్ద వెండి పూసినట్లుండే తెలుపు దాని అలంకారాలు. పురుగులు, పండ్లు దాని ఆహారం. నేలకు దగ్గరగా పొదలలో గిన్నెలాంటి గూడు కట్టుకుంటుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా గుడ్లను పొదుగుతాయి. సుమారు రెండు వారాలలో పిల్లలు గుడ్ల నుండి బయటికి వస్తాయి.

ఈ పక్షికి దాని గొంతే శత్రువైంది. ఇండోనేషియాలో పాడే పక్షులను పెంచడం తరతరాల ఆచారం. ఇల్లు, ఇల్లాలు, గుర్రం, కత్తి, పక్షి ఉన్నవాడే సంపూర్ణ పురుషుడని జావా ప్రజల పాత నమ్మకం. నేడు పక్షుల పాటల పోటీలు జరుగుతున్నాయి, గెలిచినవారికి బహుమతులు దక్కుతున్నాయి. జావా దీవిలోని ఇళ్లలో 6.6 కోట్ల నుండి 8.4 కోట్ల వరకు పంజరపు పక్షులు ఉన్నాయని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఈ గిరాకీ కోసం వలలు పన్నేవారి వల్ల, సుమత్రా కొండలలో మీసియా ఒకప్పుడు విరివిగా కనిపించిన చోట్ల కూడా అరుదైపోయింది.

పక్షిని పెంచడం ధర్మసమ్మతమేనా అని మీరు అడగవచ్చు. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ వద్ద ఒక చిన్న పక్షి ఉండేది. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి ఆప్యాయంగా పలకరించి ఓదార్చారు. ఇబ్నుల్ ఖాస్ అనే షాఫియీ ధర్మవేత్త ఈ ఒక్క హదీసు నుండే అరవైకి పైగా విషయాలను వెలికితీశారు. పక్షిని పెంచుకోవడానికి అనుమతి ఉందని ధర్మవేత్తలు చెప్పింది దీని ఆధారంగానే.

అయితే ఆ అనుమతికి హద్దులున్నాయి. పిల్లిని బంధించి తిండి పెట్టక చంపిన స్త్రీ శిక్షార్హురాలైందని మరో హదీసు తెలుపుతుంది. గూటి నుండి పిల్లలను తీసుకున్నందుకు ఒక తల్లి పక్షి తల్లడిల్లగా, వాటిని తిరిగి ఇచ్చివేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఒక బాలుని చేతిలోని ఒక పక్షికీ, కొండలకు కొండలే ఖాళీ అయ్యేలా సాగే వ్యాపారానికీ మధ్య ఉన్న దూరాన్ని మనం గమనించాలి. ఇండోనేషియా ఉలమా మండలి ఈ దూరాన్ని గుర్తించింది. అంతరించిపోతున్న జీవులను అక్రమంగా వేటాడటం, అమ్మడం హరామ్ అని 2014లో ఫత్వా జారీ చేసింది.

ఇది దూరదేశపు సమస్య మాత్రమే కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకల వంటి స్వదేశీ పక్షులను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. ఇంకొక విషయం కూడా ఆలోచించదగినది. కొందరు పుణ్యం ఆశించి, బజారులో పక్షులను కొని విడిచిపెడతారు. వారి సంకల్పం మంచిదే. కానీ ఖాళీ అయిన పంజరాన్ని నింపడానికి అమ్మేవాడు మరుసటి రోజు మళ్లీ వల వేస్తాడు. మనమిచ్చిన సొమ్మే ఆ వలకు పెట్టుబడి అవుతుంది.

తల్లులారా, తండ్రులారా! పిల్లలు పక్షి కావాలని మారాం చేస్తే వారిని తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు తర్వాత మేడ మీదికి తీసుకువెళ్లండి. ఒక మట్టిపాత్రలో నీళ్లు, గుప్పెడు గింజలు వారి చేతనే పెట్టించండి. వచ్చిన పక్షుల పేర్లు నేర్పండి. రెక్కలు చాచిన పక్షులు కూడా తమ ప్రభువును స్తుతిస్తాయని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా తెలుపుతున్నదని వారికి చెప్పండి. ఆ స్తుతికి అంతరాయం కలిగించని చేతులను అల్లాహ్ మనకు, మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.