తండ్రి మారాడు, లెక్క మారలేదు

మన తాతల తరంలో తండ్రి అంటే భయం. ఆయన గడపలో అడుగుపెడితే పిల్లల అల్లరి ఆగిపోయేది. ఏం కావాలన్నా అమ్మచేత అడిగించవలసిందే. అయినా ఆయన కళ్లెదుటే ఉండేవాడు. మగ్గం దగ్గరో, కుట్టుమిషను దగ్గరో, పొలంలోనో కొడుకు ఆయన పక్కనే ఉండి పని నేర్చుకున్నాడు. ఆయన వేలు పట్టుకునే జుమా నమాజుకు వెళ్లాడు.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల్లో పనివాళ్ల అవసరం పెరిగింది. హైదరాబాదు పాతబస్తీ నుంచి, నిజామాబాదు, కరీంనగర్, కడప జిల్లాల నుంచి ఎందరో వెళ్లారు. తండ్రి అంటే ఇంటికొచ్చే డ్రాఫ్టు, ఉత్తరం, గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్టు. సెలవుపై వచ్చిన కన్నతండ్రిని చూసి అమ్మ చాటుకు వెళ్లిన పిల్లలు మన ఇళ్లలో కొత్త కాదు. ఆ సంపాదనతోనే ఇళ్లు కట్టుకున్నాం, ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాం, చదువులు చెప్పించాం. ఆ తండ్రులను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఇప్పటి తండ్రి వేరు. బిడ్డకు స్నానం చేయించడం, బడికి తీసుకెళ్లడం నామోషీ అనుకోవడం లేదు. పరాయి దేశంలో ఉన్నవాడూ రాత్రి వీడియో కాల్‌లో పిల్లల చదువు కనుక్కుంటున్నాడు. దగ్గరుండాలన్న కోరిక పెరిగింది. అందుకు వీలు మాత్రం పెరగలేదు.

సౌదీ అరేబియా 2017 జూలై నుంచి వలస ఉద్యోగిపై ఆధారపడిన ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. ఏటా పెంచుతూ 2020 నాటికి దాన్ని 400 చేసింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే నెలకు 1,600 రియాళ్లు! చిన్న జీతగాళ్లు కుటుంబాన్ని స్వదేశానికి పంపి ఒంటరిగా మిగిలారు.

మన దేశంలో చూద్దామా అంటే, కేంద్ర ప్రభుత్వోద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల సెలవుంది. 2017 చట్ట సవరణ తల్లి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. అది మేలే. కాని ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి ఆ చట్టం ఒక్క రోజూ ఇవ్వలేదు. ఆటో నడిపేవాడికి సెలవంటే ఆ రోజు కూడు పోవడమే. తండ్రిని సంపాదించే చేతులుగానే చూసే లెక్క ఇది.

ఖుర్ఆన్ 31వ సూరాలో లుఖ్మాన్ తన కుమారుణ్ణి పిలిచి హితవు చెప్పడం మనం చదువుతూనే ఉన్నాం. పోషణతోపాటు పిల్లలతో మాట్లాడటం కూడా తండ్రి బాధ్యతే కదా!

ప్రభుత్వాలను అడగవలసింది అడగాలి. మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. కట్నకానుకలకు, పెళ్లి విందులకు అప్పులు చేయించి, ఆ అప్పు తీర్చమని అతణ్ణి మళ్లీ విమానం ఎక్కిస్తున్నది మనమే. ఆ ఖర్చు తగ్గించుకుంటే తండ్రి కొన్నాళ్లు ముందుగా ఇంటికి వస్తాడు. పిల్లలు ఎదిగిపోయాక వస్తే ఏం లాభం?