పడమటి కిటికీ

పాత ఇల్లు బాగుచేయింపదలచిన గృహస్థుడు నేడు మొట్టమొదట చేయు పని కిటికీలను ఊడబెఱికించుట. పాత కలప దుకాణముల ముందు తాతలనాటి టేకు కిటికీలు ఇనుప ఊచలతో, ఇత్తడి గడియలతో గుట్టలుగా పడియున్నవి. వాని స్థానమున అల్యూమినియపు చట్రములు, ప్రక్కకు జరుగు అద్దములు, ఆ అద్దములకు పైన ఏ.సి. యంత్రము వెలయుచున్నవి. విద్యుత్తు ఆదా చేయుటకే ఈ మార్పు అని అమ్మువాడు చెప్పుచున్నాడు, కొనువాడు నమ్ముచున్నాడు. ఈ నమ్మిక ఎంతవఱకు యుక్తమో విచారింపవలసియున్నది.

పాత కిటికీలయందు దోషము లేదని మేమనము. రెక్కలు వంగినవి, బందులు సడలినవి, చట్రమునకును గోడకును నడుమ చిటికెనవ్రేలు దూరును. చల్లని గాలి ఆ సందులగుండ బయటికి పోవును. వడగాలి లోనికి వచ్చును. అట్టి గదిలో ఏ.సి. నడపుట చిల్లికుండలో నీళ్లు పోయుటయే. కాని ఆ చిల్లి పూడ్చుటకు కుండను పగులగొట్టనక్కఱలేదు. చట్రము చుట్టును లప్పము పెట్టించి, రెక్కలు చిత్రికపట్టించి, మూసినప్పుడు ఒరుసుకొను అంచులకు రబ్బరు పట్టీ అంటించినచో ఆ దోషము చాలవఱకు తీరును. ఇది వడ్రంగికి ఒకటి రెండు దినముల పని.

జోడు అద్దముల కిటికీ శీతదేశములయందు పుట్టిన ఉపాయము. అచ్చట ఇంటిలోని వేడి బయటికి పోవుటయే బాధ. రెండద్దముల నడుమ నిలిచిన గాలి ఆ వేడిని ఆపును. అయినను ఆ దేశములవారు సయితము పాతవానిని గ్రుడ్డిగా పారవేయుటలేదు. గ్లాస్గో కెలడోనియన్ విశ్వవిద్యాలయమువారు స్కాట్లండు ప్రభుత్వపు పురాతన కట్టడముల సంస్థ కొఱకు పరీక్షింపగా 2008లో వెలువడిన ఫలితములను చూడుడు. ఒంటి అద్దపు పాత కిటికీకి లోపలి కఱ్ఱ రెక్కలు మూసినంతనే దానిగుండ పోవు వేడి సగమునకు తగ్గినది; లోపల వేఱొక అద్దపు చట్రము బిగింపగా నూటికి అఱువది పాళ్లకు పైగా తగ్గినది. వియన్నా నగరపు పాత ఇండ్లలో ఒకదాని వెనుక నొకటిగా రెండు జతల రెక్కలుగల కిటికీలు నేటికిని కలవు. బయటి జతను అట్లే యుంచి లోపలి జతను బాగుచేసికొనుట అచ్చట వాడుక.

మనకు శత్రువు వేఱు. మన గదులలోనికి వేడి ముఖ్యముగా ఎండరూపమున వచ్చును. కొంచెము లెక్క చూతము. పాఠకులు ఓపిక పట్టుదురు గాక. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు గల పడమటి కిటికీని తీసికొందము. మే నెల సాయంకాలమున దానిపై చదరపు మీటరునకు 500 వాట్ల ఎండ పడుననుకొన్నచో, మామూలు అద్దము అందు అయిదింట నాలుగు పాళ్లు లోనికి విడుచును. అనగా ఆ యొక్క కిటికీనుండియే 700 వాట్లకు పైగా వేడి. ఒక టన్ను యంత్రము తొలగింపగలది మొత్తము 3500 వాట్లు. అందు అయిదవ వంతు ఈ కిటికీ పాలు. ఇక బయట 42 డిగ్రీలు, లోన 26 డిగ్రీలు ఉన్నప్పుడు, ఎండతో నిమిత్తము లేకుండ అద్దముగుండ సాగి వచ్చు వేడి సుమారు 170 వాట్లు మాత్రమే. రెండవ అద్దము వేసినచో ఈ 170లో సగము మిగులును. ఆ 700లో తగ్గునది స్వల్పము. ఎండను త్రోసివేయు పూతగల అద్దములు లేకపోలేదు, అవి ఉపకరించును. వాని వెల వేఱు, మామూలు అద్దము వెల వేఱు. అమ్మువాడు చూపునది ఏదో కొనువాడు అడిగి తెలిసికొనవలెను.

బయట ఒక వెదురు తడిక వ్రేలాడదీసినను, కఱ్ఱ రెక్కలు మూసినను ఆ 700 వాట్లలో అధికభాగము గుమ్మము దాటదు. అద్దమునకు లోపల కట్టిన తెర ఇంత పని చేయజాలదు. అద్దము దాటిన ఎండను అది తానే త్రాగి, వేడియై, ఆ వేడిని గదికే తిరిగి యిచ్చును. ఎండను ఆపవలసిన చోటు అద్దమునకు వెలుపల. మండువా యిండ్లు కట్టినవారు వాట్లు లెక్కవేయలేదు. కాని దీర్ఘమైన చూరు, వసారా, కఱ్ఱ రెక్క, పైన వెంటిలేటరు అన్నియు ఎండను వెలుపలనే నిలిపి, రాత్రి వేడిని బయటికి సాగనంపుటకు ఏర్పడినవే. ఆ యిండ్లలో పగలు చీకటి యని నేటివారు చెప్పుదురు. అది నిజమే. ఏటవాలు పట్టీలుగల రెక్కలు చేయించినచో వెలుతురు వచ్చును, ఎండ రాదు. వట్టివేళ్ల తడికల మాట కొందఱెత్తుదురు. కర్నూలు, అనంతపురము వంటి పొడిగాలి తావులలో తడిపిన తడిక అమృతప్రాయము. సముద్రతీరమున గాలియే తడిసియుండుటచేత దానివలన ఫలము స్వల్పము.

కఱ్ఱకంటె అల్యూమినియము వేయిరెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. జరుగు అద్దములు ఎంత తెఱచినను కిటికీలో సగమే తెఱచుకొనును. విద్యుత్తు ఆగిన మధ్యాహ్నమున ఈ రెండు లోపములును బయటపడును. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. అందు అత్యధికులు ఆంధ్ర తెలంగాణములవారు. ఎండలో కూలి చేయువారి గతి ప్రత్యేకముగా చర్చింపవలసినది. ఇంటిపట్టున నుండు వృద్ధులకైనను, యంత్రము నిలిచిన వెంటనే కొలిమియగు గది ఆశ్రయము కాజాలదు.

కేంద్రప్రభుత్వము 2018లో ప్రకటించిన ఎకో నివాస్ సంహిత ఈ విషయమును గుర్తించినది. ఉక్కగల ప్రాంతములలో తెఱువదగిన కిటికీల వైశాల్యము నేల వైశాల్యమున ఆఱవ వంతునకు తగ్గరాదని అందు కలదు. అది ముఖ్యముగా 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలములలో కట్టు క్రొత్త నివాసములను ఉద్దేశించినది. నూఱు గజములలో నలువదేండ్ల క్రిందట కట్టిన ఇంటికి దానివలన ఒరిగినదేమి? 2015 నుండి ఎల్.ఇ.డి. దీపములను చౌకగా ఇంటింట పంచగలిగిన ప్రభుత్వము, విద్యుత్ సంస్థలు, పడమటి కిటికీకొక సజ్జ, ఒక తడిక, రెక్కల మరమ్మతునకు కొంత సాయము ఏల చేయరాదు? అద్దె యిండ్లవారి సంగతి మఱియు కష్టము. బిల్లు కట్టువాడొకడు, కిటికీ సొంతదారు మఱియొకడు. బయట తడిక కట్టుటకు సయితము మేకు కొట్టనీయని యజమానులు లేకపోలేదు.

ఈ వేసవికి ముందు కిటికీలు మార్పింపదలచినవారు, బండివానిని ఒక్క దినము ఆగుమని చెప్పి, సాయంకాలము నాలుగు గంటలకు పడమటి గదిలో కూర్చుండి, మొదట అద్దముమీదను, పిమ్మట మూసిన కఱ్ఱ రెక్కమీదను చేయి యుంచి చూతురు గాక.