వార్ధక్యమునకు దాచిన బంగారము

ఇంట బంగార మున్నచో ముదిమికి భయము లేదని మన రైతులు తలచుట సహజము. కాని యా బంగారము ముదిమిదాక మిగులునా?

మన తెలుగు బిడ్డలు పలువురు నివసించుచున్న ఆస్ట్రేలియా దేశమున, ఆరుగురికి మించని సభ్యులు కూడి తమ వార్ధక్యనిధిని తామే నిర్వహించుకొనవచ్చును. ఆ నిధిసొమ్ముతో బంగారమును కొనవచ్చును గాని, అది నిధి సొత్తే గాని సభ్యుని సొత్తు గాదు. 2011వ సంవత్సరపు నిబంధనల ప్రకారము, నిధికి చెందిన నగలను సభ్యులు గాని వారి బంధువులు గాని ధరింపరాదు. తమ యిండ్లలో దాచరాదు. కొన్న 7 దినములలో నిధిపేర బీమా చేయింపవలెను. ఎచ్చట, ఏల దాచిరో వ్రాసి యుంచవలెను. బంధువులకు అమ్మదలచినచో, స్వతంత్రుడగు నిపుణుడు కట్టిన వెలకే అమ్మవలెను. బంగారు కడ్డీలకు ఈ నిబంధనలు వర్తింపకున్నను, వానిని సైతము సొంత యాస్తితో కలుపరాదు.

ధరింపని నగ యేల యని మన గృహిణులు నవ్వవచ్చును. మా యభిప్రాయము వేరు. మన యిండ్లలో ఒక్క కాసులపేరే పెండ్లికి నగ, సేద్యమునకు కుదువ, ముదిమికి నిధి. మూడు పనులకు నిలిపిన సొమ్ము మూడవదానికి మిగులదు.

మన యింటి బంగారమునకు అట్టి శాసనము లేదు. కావున కట్టుబాటు మనమే చేసికొనవలెను. సభ్యులారా! ముదిమికని యెంచిన బంగారము కొంచెమైనను వేరుగా నుంచుడు. దాని తూకమును, ఉన్న చోటును వ్రాసి, దంపతు లిరువురును ఎరిగియుండుడు. దానిపై పంట యప్పు తీయకుడని మా మనవి.