పగటి విద్యుత్తు, పల్లె బోరుబావి

వర్ధమాన దేశము మొదట సంపదను కూడబెట్టుకొని పిమ్మట గాలిని శుభ్రపరచుకొనవచ్చునా, లేక ఆ రెండు పనులను ఏకకాలమున సాధింపవలెనా అను వాదము అంతర్జాతీయ సభలలో మూడు దశాబ్దములుగా సాగుచునే యున్నది. పాశ్చాత్య దేశములు బొగ్గును కాల్చియే భాగ్యవంతములైనవనియు, సగటు భారతీయుడు ఏడాదికి వెలువరించు బొగ్గుపులుసు వాయువు సుమారు రెండు టన్నులు కాగా అమెరికా పౌరునిది దానికి ఆరేడు రెట్లున్నదనియు, ఆకాశమును మసిబార్చిన వారే ఆ మసిని కడుగుటకు డబ్బు పెట్టవలెననియు మన ప్రతినిధులు చెప్పుచుండు మాటలో అసత్యము లేదు. ఏటా పదివేల కోట్ల డాలర్లు సమకూర్తుమని 2009లో కోపెన్‌హేగన్‌లో మాట యిచ్చిన ధనిక దేశములు 2020 గడువు నాటికి దానిని నిలుపుకొనలేకపోయిన సంగతియు లోకవిదితమే. అయినను న్యాయము మన పక్షమున నున్నంత మాత్రమున మన యింటి లెక్క తేలిపోదు. ధనిక దేశములు మారినను మారకున్నను, మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు క్రిందను, మన బొగ్గుబాయి ఒడ్డునను తేలవలసిన ప్రశ్నలు కొన్ని కలవు.

పరిశుభ్రమైన విద్యుత్తు ఖరీదైనది, పేదలకు అది తగదు అను పాతమాటకు కాలము చెల్లినది. జాతీయ సౌర పథకము 2010లో ఆరంభమైనపుడు యూనిట్ సౌరవిద్యుత్తు ధర పది, పన్నెండు రూపాయలు పలికెను. 2017 ఏప్రిల్‌లో కడప సౌర పార్కు వేలమున అది రూ.3.15కు దిగెను, మరుసటి నెలలోనే రాజస్థానములోని భడ్లాలో రూ.2.44కు పడిపోయెను. ఇంతటి పతనమును ఆ రంగములోని పండితులును ఊహింపలేదు. కనుక వృద్ధికిని శుద్ధశక్తికిని నడుమ వైరము నేడు ధరలో లేదు. ఉన్నదెల్ల వేళలో నున్నది. ఆ పైని భూమిలోను, పని పోగొట్టుకొను మనుష్యునిలోను ఉన్నది. ప్రభుత్వములు మాత్రము ఈ మూటిని విడిచి మెగావాట్లనే వల్లించుచున్నవి.

వేళ సంగతి చూడుడు. దేశములోని విద్యుదుత్పాదక సామర్థ్యమున సగము బొగ్గు, గ్యాసు వంటి ఇంధనములతో పనిలేనిదైనదని 2025లో ఢిల్లీ పెద్దలు ప్రకటించిరి. సంతోషమే. కాని తీగలో పారిన ప్రతి నాలుగు యూనిట్లలో ఇంచుమించు మూడు ఇప్పటికిని బొగ్గు నుండియే వచ్చుచున్నవి; 2024–25లో మన గనులు తవ్వి పోసిన బొగ్గు నూరు కోట్ల టన్నులను దాటినది. సామర్థ్యమును చూపి ఉత్పత్తిని దాచుట లెక్కలు తెలిసినవారు చేయదగిన పని కాదు. సూర్యుడు పనిచేయునది పగలు. జనము ఇండ్లకు చేరి పంకాలు, టీవీలు, ఏసీలు వేసికొనునది ఆయన అస్తమించిన తరువాత. మధ్యాహ్నము పన్నెండు గంటలకు పొంగిపొరలు విద్యుత్తు రాత్రి ఎనిమిది గంటలకు కొరత యగుచున్నది. ఆ కొరతను తీర్చుటకే బొగ్గు కేంద్రములు కొలిమి ఆరకుండ కాచుకొని కూర్చుండవలసి వచ్చుచున్నది.

ఇచ్చటనే తెలుగు రైతు కథలోనికి వచ్చును. ఉచిత విద్యుత్తు దస్త్రముపై 2004 మే 14న పడిన కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకము వెనుక నాలుగేండ్ల క్రిందటి బషీర్‌బాగ్ కాల్పుల జ్ఞాపకము ఉండెను; కరెంటు ఛార్జీల పెంపును ఎదిరించి ముగ్గురు ప్రాణములు విడిచిన 2000 ఆగస్టు 28ని ఏ పార్టీయు మరువలేదు. కరెంటు ఉచితమయ్యెను గాని అది వచ్చు వేళ రైతు చేతిలో లేకపోయెను. పరిశ్రమలు, పట్టణములు పగటి విద్యుత్తును వాడుకొనగా మిగిలినది చేనికి రాత్రి యిచ్చిరి. త్రీఫేజ్ కరెంటు ఏ ఒంటిగంటకో వచ్చునని తెలిసి, టార్చిలైటు చేతబట్టి, చెప్పులు లేని కాళ్లతో బురదగట్టు మీదుగా పోయి, తడిసిన చేతితో స్టార్టరు డబ్బా తలుపు తీసి మీట నొక్కిన మనుష్యుడు ఎట్టి భయముతో నొక్కెనో పల్లెలో పెరిగిన పాఠకునికి చెప్పనక్కరలేదు. పాముకాటునకు పోయినవారు, మోటారు వద్ద షాకు తగిలి పోయినవారు లేని మండలము రాయలసీమలో గాని తెలంగాణములో గాని దొరకుట కష్టము. ఆ ప్రాణభయమునకు మందుగా ఆటోస్టార్టరు వచ్చెను. కరెంటు ఎప్పుడు వచ్చిన అప్పుడు మోటారు తనంత తాను తిరుగును. రైతు నిద్రించుచుండగా మడి నిండి, గట్టు తెగి, నీరు పక్కచేనిలోనికి పారును. 2018 జనవరి 1న తెలంగాణ ప్రభుత్వము వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా ఆరంభించినపుడు ఆటోస్టార్టర్లను తీసివేయుడని రైతులను బ్రతిమాలుకొనవలసి వచ్చినది ఇందువలననే.

బోరుమోటారునకు బ్యాటరీతో పనిలేదు. పైకి వచ్చిన నీరు మడిలో నిలుచును, నేలలో ఇంకును, పంటలో దాగును. పట్టణవాసి పంకా రాత్రియే తిరుగవలెను గాని వరిమడికి నీరు పగలే పారినను పైరు అలుగదు. సౌరవిద్యుత్తు పొంగు మధ్యాహ్నపు వేళకు వ్యవసాయ సరఫరాను తెచ్చి కూర్చినచో మిగులు ఖర్చగును, రాత్రి భారము తగ్గును, రైతు రాత్రిపూట కంటినిండ నిద్రించును. వృద్ధి, శుద్ధశక్తి, మానవత్వము ఈ మూడును ఒక్క నిర్ణయమున కలిసివచ్చు సందర్భము ఇంతకంటె సులభముగా మరియొక్కటి నాకు కనబడదు. పగటిపూట తొమ్మిది గంటల సరఫరా అను ఆంధ్రప్రదేశ్ విధానము ఈ దిశగా పడిన సరియైన అడుగే. దానికొరకని 2021లో యూనిట్ రూ.2.49 చొప్పున 7,000 మెగావాట్లకు కుదుర్చుకొన్న ఒప్పందము తరువాత ఎన్ని వివాదములలో చిక్కుకొన్నదో పత్రికలు చదువువారికి తెలిసినదే. సంకల్పము మంచిదైనంత మాత్రమున ఒప్పందములు బహిరంగముగా జరుగనక్కరలేదను వాదమును నేను ఒప్పను.

పగటి కరెంటు పుష్కలముగా నిచ్చి చేయి దులుపుకొన్నచో భూగర్భజలము అడుగంటును. అనంతపురపు బోర్లు ఏ లోతునకు దిగిపోయినవో యెరిగిన వారెవ్వరును పగలంతయు మోటారు తిరుగనిమ్మని నిశ్చింతగా చెప్పజాలరు. మోటారునకు మీటరు అనగానే రైతు ఉలిక్కిపడును; శ్రీకాకుళము జిల్లాలో ప్రయోగముగా మీటర్లు బిగించినపుడు రేగిన గగ్గోలు నిన్నటిది. ఆ భయము నిష్కారణము కాదు, మీటరు వెంట బిల్లు రాక మానదని అతని అనుభవము చెప్పును. ఇందుకు పంజాబు 2018లో కొన్ని ఫీడర్లపై వేరొక త్రోవ త్రొక్కినది. రైతునకు ఇంత విద్యుత్తని ముందుగా నిర్ణయించి, అందులో అతడు వాడక మిగిల్చిన యూనిట్లకు నగదు చెల్లించుట ఆ పథకపు సారము. ఉచితము ఉచితముగనే యుండును, పొదుపునకు మాత్రము వెల కట్టబడును. తెలుగు ప్రభుత్వములు ఇంతటి సౌమ్యమైన ఉపాయమును ఏల పట్టించుకొనలేదో నాకు బోధపడదు.

మిగిలిన పగటి విద్యుత్తును రాత్రికి దాచుటకు మార్గము లేదందురేమో, మన తాతల నాటి ఇంజనీర్లు దానికిని ఏర్పాటు చేసి పోయిరి. నాగార్జునసాగరమున ప్రధాన విద్యుత్కేంద్రములోను, శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములోను ఉన్న యంత్రములు క్రిందికి దూకు నీటితో విద్యుత్తును తీయుటయే కాక, విద్యుత్తు మిగిలిన వేళ ఆ నీటిని తిరిగి పైకి ఎత్తిపోయునట్టివి. శ్రీశైలములోనివే 900 మెగావాట్లు. ఇవి ఈ పనిని నిండుగా చేయవలెనన్న కృష్ణానీటి విషయమున రెండు రాష్ట్రములకు పొత్తు కుదురవలెను. అది కుదురలేదు. కర్నూలు సీమలోని పిన్నాపురమున 1,680 మెగావాట్ల ఎత్తిపోత కేంద్రమును నదికి దూరముగా, వేరుగా తవ్విన జలాశయములతో నిర్మించుట మెచ్చదగినదే. కొత్తదానికి వేల కోట్లు వెచ్చించువారు ఉన్నదానిని నడుపుటకు ఒక్క సమావేశమున కూర్చుండలేకుండుట మాత్రము విడ్డూరము.

ఇక భూమి. ఓర్వకల్లు ప్రాంతమున గని, శకునాల గ్రామముల చెంత ఇంచుమించు ఆరు వేల యెకరములలో 1,000 మెగావాట్ల సౌర పార్కు వెలసినది. మన సరిహద్దునకు ఆనుకొని, తెలుగు మాట నిత్యము వినిపించు కర్ణాటకములోని పావగడ తాలూకాలో అంతకు రెండింతల పార్కు సుమారు పదమూడు వేల యెకరములలో వచ్చినది. అచ్చట ప్రభుత్వము భూమిని కొనలేదు, రైతుల వద్ద కౌలునకు తీసికొన్నది. మొదట ఎకరమునకు ఏడాదికి రూ.21,000, రెండేండ్లకొకమారు దానిపై కొంత పెంపు. వాన మొగము చూడని ఆ సీమలో వేరుశనగ వేసి అంత కండ్లజూచిన రైతు అరుదు. పట్టా వాని పేరనే నిలిచినది, ఏటేటా చేతికి డబ్బు వచ్చినది. ఈ పద్ధతి భూమిని సేకరించు మన పద్ధతి కంటె మేలైనదనుటకు నాకు సందేహము లేదు. అయినను పట్టా లేనివాడు అక్కడను ఇక్కడను ఒక్క తీరుగనే నష్టపడెను. కూలిపనికి పోవు స్త్రీకి కలుపుతీత లేకపోయెను. గొఱ్ఱెల కాపరికి కంచె అడ్డము వచ్చెను. కౌలు రైతునకు ఏ కాగితమునను పేరు లేదు. ఆ భూములు బీడులని దస్త్రములలో వ్రాసిన అధికారి ఆ బీడులో మేసిన మందలను లెక్కింపలేదు. కౌలు సొమ్ములో ఒక భాగము గ్రామమున భూమి లేనివారికి చెందునట్లు ఒప్పందములోనే వ్రాసికొనుట అసాధ్యమైన పని కాదు.

అన్నిటికంటె బరువైన ప్రశ్న గోదావరి లోయలోనిది. ఇల్లెందు చెంత 1889లో మొదలైన సింగరేణి తవ్వకము కొత్తగూడెము, మణుగూరు, గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వంటి ఊళ్లను కల్పించినది. ఈ ఊళ్లలో గడియారమునకు బదులు షిఫ్టు సైరను ప్రొద్దు చెప్పును. దసరాకు లాభాల వాటా ఎంతయని ఇంటింట లెక్కలు కట్టుకొందురు. తండ్రి తరువాత కొడుకునకు వారసత్వ ఉద్యోగము వచ్చునా రాదా అనుట పెండ్లి సంబంధములను సైతము తేల్చును. 1990ల ఆరంభమున లక్షకు పైబడియున్న కార్మికుల సంఖ్య నేడు నలుబది వేల ప్రాంతమునకు దిగినది. వాతావరణ పరిరక్షణ దీనికి కారణము కాదు. భూగర్భ గనుల స్థానమున ఓపెన్‌కాస్టులు, మనుష్యుల స్థానమున యంత్రములు వచ్చుటయే కారణము. బాయిలు ఒక్కొక్కటే మూతపడగా బెల్లంపల్లి ఎట్లు చిక్కిపోయినదో చూచినవారికి, బొగ్గు పూర్తిగా నిలిచిపోవు నాటి చిత్రము ఊహింపనక్కరలేదు. సింగరేణి సంస్థ తన భూములలో సౌరకేంద్రములు నెలకొల్పుట శ్లాఘనీయమే. కాని ఫలకములు తుడుచుటకు, తీగలు చూచుటకు కొలది మంది చాలుదురు, ఒక్క బాయి పోషించిన కుటుంబములకు అది చాలదు.

దక్షిణాఫ్రికాలో ఇట్టిది జరిగినది. మ్పుమలాంగా రాష్ట్రములోని కొమాటి బొగ్గు విద్యుత్కేంద్రమును 2022 అక్టోబరులో మూసిరి. దాని చోట సౌరఫలకములు, గాలిమరలు, శిక్షణాలయము వచ్చునని చెప్పిరి. ప్రపంచ బ్యాంకు డబ్బు కూడ సమకూర్చెను. పని ముందుగా పోయెను, కొత్తపని మాత్రము త్వరగా రాలేదు. వర్ధమాన దేశములకు ఆదర్శముగా చూపదలచిన ఆ ఊరు తుదకు హెచ్చరికగా మిగిలినది. గని మూయుటకు పదేండ్ల ముందే ప్రత్యామ్నాయపు పని ఆరంభము కావలెను. మూసిన పిదప ఆరంభించునది ఎంత పెద్దదైనను ఓదార్పు మాత్రమే.

దీనికి డబ్బెక్కడిదని అడుగువారికి ఒక చరిత్ర చెప్పవలసియున్నది. 2010లో కేంద్రము టన్ను బొగ్గుపై రూ.50 చొప్పున శుద్ధశక్తి పేరిట సుంకము విధించెను. 2016 నాటికి అది రూ.400 అయ్యెను. 2017లో జీఎస్టీ రాగానే ఆ నాలుగు వందలును రాష్ట్రముల ఆదాయనష్టమునకు పరిహారమిచ్చు ఖాతాలో కలిసిపోయెను. 2025 సెప్టెంబరులో ఆ సుంకము తొలగి, బొగ్గుపై జీఎస్టీ 5 నుండి 18 శాతమునకు పెరిగెను. బొగ్గు నుండి రాబట్టిన ధనము సాధారణ ఖర్చులకు పోవుచునే యున్నది. దానిని తవ్వినవాని పిల్లల నిమిత్తము వేరుగా తీసిపెట్టిన ఖాతా ఆ జీఎస్టీలో ఎచ్చటను లేదు. జీఎస్టీలో రాష్ట్రమునకు వచ్చు వాటా నుండి ఒక భాగమును బొగ్గు పట్టణముల కొరకు, వేరొక భాగమును నీటిని పొదుపు చేసిన రైతుల కొరకు ప్రత్యేక పద్దుగా చూపవలసినదని, వచ్చు బడ్జెటు సమావేశములకు సిద్ధపడుచున్న ఉభయ రాష్ట్రముల ఆర్థికమంత్రులను కోరుచున్నాను.