నోరు కట్టుకోమనే వాళ్ళకు

పీసీఓఎస్ ఉన్న ఆడపిల్లకు డాక్టరు నుంచి పక్కింటి పిన్ని దాకా అందరూ చెప్పే వైద్యం ఒకటే: నోరు కట్టుకో. అన్నం మానెయ్, తీపి మానెయ్, బరువు తగ్గు. పెళ్ళయితే అదే సర్దుకుంటుందని ఇంకొందరు. పదకొండేళ్ళుగా నేనీ జబ్బుతో బతుకుతున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో స్త్రీల ఆరోగ్య సమావేశాలు నడుపుతున్నాను. ఈ సలహాలో వైద్యం ఎంత, ఆడదాన్ని దోషిని చేసే పాత అలవాటు ఎంత అని మనం అడగాల్సిన సమయం వచ్చింది.

ముందు శరీరం సంగతి. "గర్భసంచిలో నీటి బుడగలు" అంటారు మనవాళ్ళు. అవి గర్భసంచిలో ఉండవు. అండాశయాల్లో సగం పెరిగి ఆగిపోయిన అండాల తిత్తులవి. ఈ జబ్బున్న చాలామందిలో ఇన్సులిన్ పని ఒంటికి సరిగా పట్టదు. దాంతో ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు దీని ఫలితాలే. సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లల్ని కనే వయసు స్త్రీలలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంది. వాళ్ళలో 70 శాతం దాకా తమకుందని తెలియనివాళ్ళే.

ఇక నాలుక పీకడం సంగతి. సాయంత్రం నాలుగయ్యేసరికి చేతులు వణుకుతాయని, బస్టాండు ముందు మిర్చి బజ్జీల బండి దాటి రాలేమని ప్రతి సమావేశంలోనూ వింటాను. ఆ రోజు పొద్దుటి నుంచి ఏం తిన్నావని అడుగుతాను. ఆరింటికి చక్కెర చాయ్. అందరికీ పెట్టి, పిల్లల డబ్బాలు కట్టి, తను తినకుండానే బస్సెక్కింది. మధ్యాహ్నం అన్నం, చారు. పప్పు మగవాళ్ళకే సరిపోయింది. ఇది చాపల్యమా, ఆకలా? ఖాళీ కడుపు మీద ఒట్టి తెల్లన్నం పడితే రక్తంలో చక్కెర గబుక్కున ఎక్కి మళ్ళీ దిగుతుంది. దిగినప్పుడు ఒళ్ళు తీపినో నూనెనో అడుగుతుంది. దీనికి మనం పెట్టిన పేరు "నోటి దురద".

నాకు పనికొచ్చినవి చెబుతాను (మందులకు బదులు కాదు, వాటితో పాటు). పొద్దున ఎనిమిది లోపు గుడ్డో, పెసరట్టో, నానబెట్టిన శనగలో. మధ్యాహ్నం ముందు కూర, పప్పు, తర్వాత సగం అన్నం. నాలుగింటికి సంచిలో వేయించిన పల్లీలు. బజ్జీలు మానలేదు, వారానికి రెండు తింటాను, ఎవరికీ సంజాయిషీ చెప్పను. ఇదంతా నాకు వీలైంది, ఎందుకంటే నాకు జీతం ఉంది, నా వంటగది నా చేతిలో ఉంది. కోదాడలో ఒక కోడలు అన్నమాట విన్నాక నా చిట్కాలు నాకే చిన్నవనిపించాయి: "అత్తమ్మ తినకముందు నేను గుడ్డు ఉడకేసుకుంటె ఇల్లు లేస్తది అక్కా."

2023లో వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ఏ ఒక్క ఆహార పద్ధతీ తక్కినవాటికన్నా గొప్పది కాదని తేల్చాయి. బరువు పేరుతో స్త్రీలను అవమానించడం హాని చేస్తుందని కూడా చెప్పాయి. అయినా మన దగ్గర రెండు నిమిషాల్లో చీటీ రాసి, "ఇట్లుంటే పిల్లలెట్ల పుడతరు?" అని పంపే డాక్టర్లకు లోటు లేదు.

అన్నం మానెయ్యమనడం సులువు. మిర్యాలగూడ రైసు మిల్లుల మధ్య నిలబడి ఆ మాట అనండి! 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలారు. జొన్న, సజ్జ చేలు వరి మడులయ్యాయి. గటక పోయి తెల్లన్నం వచ్చింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఎన్ని ఇళ్ళ ఆకలి తీర్చిందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని చులకన చేయరు. నేనూ చేయను. కానీ కడుపు నింపే బాధ్యత తీసుకున్న ప్రభుత్వం అందులో ఏం నింపుతోందని అడిగే హక్కు మనకుంది. 2025 ఉగాదినాడు మన హుజూర్‌నగర్‌లోనే మనిషికి 6 కిలోల సన్నబియ్యం పథకం మొదలైంది. సన్నబియ్యం ఉచితం, జొన్నలు కొనుక్కోవాలి. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీలు 1990లలోనే జొన్నలతో సొంత రేషన్ నడిపి చూపించారు. చేయలేమనడానికి వీల్లేదు.

2015లో వచ్చిన ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, పూట భోజనం పెట్టేది గర్భిణులకూ బాలింతలకూ. అంటే కడుపు పండితేనే మన కడుపు కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళకు నెలసరి ఆగిపోయిన హాస్టలు పిల్ల ఎవరి లెక్కలోనూ లేదు.

ప్రజావాణిలో ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాం. కోరినవాళ్ళకు రేషన్ బియ్యంలో కొంత బదులు జొన్నలు ఇవ్వాలి. బాలికల హాస్టళ్ళలో పొద్దుటి పూట గుడ్డు గానీ శనగలు గానీ పెట్టాలి. నెలసరి తప్పిన పిల్లలకు ప్రభుత్వాసుపత్రుల్లో పెళ్ళి సలహాకు బదులు షుగరు, బీపీ పరీక్షలు చేయాలి. కోడలు పొద్దున్నే తినాలన్న అర్జీని మాత్రం కలెక్టరుకు ఇవ్వలేం. అందుకే కోదాడ సమావేశాలకు ఈ నెల నుంచి అత్తల్ని కూడా పిలుస్తున్నాం.