హీరోయిన్ ఎందుకు నవ్వాలి?



పోయిన ఆదివారం నుంచి మన హాస్టల్లో ఒకటే ముచ్చట. మెస్ లైన్లో అదే, పంపు దగ్గర అదే, స్టడీ అవర్లో కూడా అదే. "పదో తరగతోళ్ళ ట్రైలర్ ఆగిపోయిందట గదా!" అని. ప్రేమ సినిమా తీస్తుంటే మేడం ఆపేశారని కొందరు అంటున్నారు. మాలో మాకే తగవు వచ్చిందని కొందరు అంటున్నారు. రెండూ నిజమే. కానీ ముందు వచ్చింది తగవు. మేడం గారు ఆపింది ఆ తర్వాత. ఆ తగవు అందరికీ తెలియాలని ఈ గోడ పత్రికలో రాస్తున్నాను. కథ రాసింది నేనే కాబట్టి తప్పు కూడా నాదే ఎక్కువ.

మన వార్షికోత్సవానికి ఏటా ఒక డ్యాన్సు, సారా మానమని ఒక నాటిక వేస్తాం. ఈసారి కొత్తగా ఏమైనా చేద్దామనుకున్నాం. సినిమా తీయాలంటే మన వల్ల కాదు. ట్రైలర్ అయితే కథ మొత్తం చెప్పనక్కరలేదు, రెండున్నర నిమిషాలు చాలు. ట్రైలర్ అంటే ఇంగ్లీషులో వెనకాల వచ్చేది అని అర్థమట. మొదటి రోజుల్లో రాబోయే సినిమా ముక్కల్ని ఆడుతున్న సినిమా అయిపోయాక చివర్లో వేసేవారు, అందుకని ఆ పేరు. తర్వాత ముందుకు వచ్చింది, పేరు మాత్రం అట్లనే ఉండిపోయింది. మాది ఇంకా విచిత్రం. ముందూ లేదు, వెనకా లేదు. సినిమాయే లేని ట్రైలర్! దానికి "ఇప్పపూల దారి" అని పేరు పెట్టుకున్నాం.

పని మాత్రం పద్ధతిగానే చేశాం. లాంగ్ నోట్‌బుక్కులో గళ్ళు గీసి ఇరవై రెండు షాట్లు రాసుకున్నాం. ఏం కనిపించాలి, ఎవరుండాలి, ఏం మాట్లాడాలి, ఎక్కడ తీయాలి అని నాలుగు గళ్ళు. తెలుగు మేడం గారు ఆదివారం రెండు గంటలు తన ఫోను ఇచ్చారు. మధ్యాహ్నం తీస్తే ఎండ నెత్తి మీద ఉండి కళ్ళ కింద నల్లగా పడుతున్నది. అందుకని నాలుగు గంటలకు మొదలుపెట్టాం. ముఖం మీద వెలుతురు చాలకపోతే మెస్ ప్లేట్లు రెండు పట్టుకుని ఎండను ముఖం మీదికి తిప్పాం. స్టీలు ప్లేటులో అంత వెలుగు ఉంటుందని ఇన్నేళ్ళు అందులో అన్నం తిన్నా తెలియలేదు! ఫోను ఊగకుండా స్టూలుకు చున్నీతో కట్టాం. బయట గాలికి మాటలు సరిగా వినపడక, మాటలన్నీ తర్వాత స్టోర్ రూములో బియ్యం బస్తాల మధ్య కూర్చొని రికార్డు చేశాం. బస్తాల మధ్య చప్పుడు మార్మోగదు. చేయాలనుకునే చెల్లెళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి.

మనది ఆడపిల్లల హాస్టలు కాబట్టి హీరో కూడా మా క్లాసు అమ్మాయే. కాటుకతో మీసం, పీటీ చొక్కా. చూసినోళ్ళంతా పడి పడి నవ్వారు.

పదహారు షాట్లు బాగానే అయినయి. పదిహేడో షాటు ఇది: హీరోయిన్ పుస్తకాలు పట్టుకుని వేపచెట్టు కింద నుంచి పోతుంది. హీరో వెనకాల వస్తాడు. ఆమె ఆగి, తిరిగి చూసి, సిగ్గుపడి నవ్వుతుంది. అక్కడ పాట మొదలు. ఐదుసార్లు తీసినా నవ్వు కుదరలేదు. ఆరోసారి హీరోయిన్ పుస్తకాలు గద్దె మీద పెట్టి అడిగింది:

"అసలు నేనెందుకు నవ్వాలే?"

"ట్రైలర్‌లో అట్లనే ఉంటది, నవ్వవే" అన్నాను.

"మొదటి నుంచి వీడు నా ఎనకాల్నే వస్తుండు. కాలువ కాడికొచ్చిండు, బస్సు కాడికొచ్చిండు, గుడి కాడికొచ్చిండు. నేను ఒక్క మాట మాట్లాడలే. నాకు భయమైతది గానీ నవ్వొస్తదా?"

నాకు కోపం వచ్చింది. కథ రాయడం ఎంత కష్టమో తెలియదు, వంకలు పెట్టడం తెలుసు అన్నాను. ఆమె కూడా ఊరుకోలేదు. హీరో మీసం తుడిచేసి వెళ్ళిపోయింది. కెమెరా పట్టుకున్న చెల్లి ఏడ్చింది. ఆ అరుపులకే మేడం గారు వచ్చారు. ఏం తీస్తున్నారని అడిగి, "ప్రేమా గీమా ఏంటి, పరీక్షలు పెట్టుకుని" అని ఫోను తీసుకున్నారు. జరిగింది ఇంతే.

ఆ రాత్రి నిద్ర పట్టక నోట్‌బుక్ తీసి లెక్క పెట్టాను. హీరోకు పదకొండు డైలాగులు. హీరో ఫ్రెండుకు నాలుగు. హీరోయిన్ నాన్నకు మూడు. హీరోయిన్‌కు ఒక్కటి. అది కూడా "ఛీ, పో!" అని. మిత్రులారా, ఇది రాసింది ఎవరో మగపిల్లవాడు కాదు. ఆడపిల్లల హాస్టల్లో, ఆడపిల్లల మధ్య కూర్చొని నేను రాశాను. తీసింది ఆడపిల్ల, ప్లేటు పట్టింది ఆడపిల్ల, హీరో కూడా ఆడపిల్లే. అయినా ఆడపిల్లకు మాట దొరకలేదు! నాకు సిగ్గేసింది.

మరి నాకు అట్లా రాయడం ఎవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంటికి పోయినప్పుడు టీవీలో, బస్సులో, అన్నల ఫోన్లలో చూసి చూసి చెయ్యి అట్లా అలవాటు పడింది. వాడు వెంటపడాలి, ఆమె తిట్టాలి, వాడు మళ్ళీ వెంటపడాలి, ఆమె నవ్వాలి. అది ప్రేమ. నిజానికి చట్టంలో దానికి వేరే పేరుంది. 2013లో చట్టం సవరించి, ఆడపిల్ల ఇష్టం లేదని చెప్పినా పదేపదే వెంటపడటాన్ని నేరం చేశారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. నేను రాసిన హీరో మీద కేసు పెట్టొచ్చు!

ఇది నవ్వులాట కాదు. మా ఊళ్ళో నాకంటే రెండేళ్ళు పెద్దదైన ఒక అక్క ఉంది. ఒకడు ఏడాది పాటు ఆమె వెనకాల తిరిగాడు. "ఇంతగా తిరుగుతుండంటే నిజమైన ప్రేమే" అనుకుంది. ఇంటరు మధ్యలో మానేసి వాడితో వెళ్ళింది. ఆరు నెలలకు తిరిగి వచ్చింది. ఇప్పుడు మిరప తోటల్లో కాయ ఏరడానికి పోతుంది. నేను సెలవులకు వెళ్ళినప్పుడు నా పుస్తకాలు తీసి చూస్తుంది, ఏమీ మాట్లాడదు. ఆమెకు ఎవరైనా ముందే "వెంటపడటం వేరు, ప్రేమ వేరు" అని చెప్పి ఉంటే? మన పాఠాల్లో అది లేదు. సినిమాల్లో ఉన్నది తప్పుగా ఉంది. మరి ఎక్కడ తెలుసుకోవాలి?

అందుకే మేడం గారికి నా మనవి. మీ భయం నాకు తెలుసు. వీడియో బయటికి పోతే, ఎవరో ఒకరు దానికి పిచ్చి రాతలు తగిలించి పంపితే, మా అమ్మానాన్నలు మమ్మల్ని చదువు మాన్పిస్తారు. అడిగేది మిమ్మల్నే. ఆ భయం న్యాయమైనదే. కానీ ప్రేమ కథ అంటేనే పనికిమాలినదని మాత్రం అనకండి. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం గారు "మాలపిల్ల" తీశారు. ఒక బ్రాహ్మణ యువకుడు, ఒక హరిజన యువతి ప్రేమించుకున్న కథ. గుడిలోకి అందరినీ రానివ్వాలనే మాట ఆ ప్రేమ కథలోనే చెప్పారు. పిల్లలు సినిమా తీయడం కూడా వింత కాదు. 2017 నవంబరులో హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవంలో పిల్లలే తీసిన సినిమాలకు "లిటిల్ డైరెక్టర్స్" అని ప్రత్యేక పోటీ పెట్టారు.

ఇంకొక సంగతి. మన వైపు ప్రేమ సినిమాలు రాకపోలేదు. 1973లో బాపు గారి "అందాల రాముడు", 2006లో శేఖర్ కమ్ముల గారి "గోదావరి". రెండూ రాజమండ్రి నుంచి భద్రాచలానికి గోదావరి మీద పడవ ప్రయాణాలే. పాపికొండలు ఎంత బాగా చూపించారో! కానీ ప్రేమ పడవలో వాళ్ళది. గట్టు మీది ఊళ్ళ వాళ్ళది కాదు. గట్టు మీద ఉండేది మనం, కోయలం, కొండరెడ్లం. మనం సినిమాలో ఉన్నామంటే సాధారణంగా ఈకలు పెట్టుకుని గుంపుగా డ్యాన్సు చేయాలి, లేదంటే హీరోకు దారి చూపించాలి. మనలో కూడా ఇద్దరు ఇష్టపడతారని, మాట్లాడుకుంటారని, పోట్లాడుకుంటారని ఎవరికీ గుర్తు రాదు. మా అమ్మమ్మ చెప్పేది, వాళ్ళ కాలంలో పిల్ల కోసం మగవాళ్ళ ఇంటివాళ్ళే ఓలి ఇచ్చేవారట. ఇప్పుడు మా ఊళ్ళో కూడా కట్నం అడుగుతున్నారు. ఇందులో ఎన్ని కథలు లేవు!

అదే శేఖర్ కమ్ముల గారు 2017లో "ఫిదా" తీశారు. అందులో బాన్సువాడ పిల్ల భానుమతి తెలంగాణ మాట మాట్లాడుతుంది. నచ్చితే నచ్చిందంటుంది, నచ్చకపోతే మొహం మీదే చెబుతుంది. అంతకు ముందు చాలా సినిమాల్లో మన తెలంగాణ మాట రౌడీకో, నవ్వించేవాళ్ళకో పెట్టేవారు. హీరోయిన్ మాట్లాడేసరికి అందరూ ఇష్టపడ్డారు. తెలంగాణ మాటకు ఆ రోజు వచ్చింది. కోయ మాటకు, లంబాడీ మాటకు ఎప్పుడు వస్తుంది? వాళ్ళెవరో వచ్చి తీసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా?

నేను పదిహేడో షాటు మళ్ళీ రాశాను. మా హీరోయిన్ లంబాడీ అమ్మాయి. హీరో వేషం వేసింది కోయ అమ్మాయి. ఇప్పుడు హీరో వెనకాల రాడు. ఎదురుగా వచ్చి, ఇవ్వాల్సిన నోట్సు ఇచ్చి, ఒక మాట అడుగుతాడు, కోయలో. ఆమెకు అర్థం కాదు. ఆమె లంబాడీలో జవాబు చెబుతుంది. అతనికి అర్థం కాదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తర్వాత తెలుగులో మాట్లాడుకుంటారు. మన హాస్టల్లో ఐదో తరగతిలో చేరిన రోజు మనమంతా చేసింది ఇదే కదా! 1978లో వచ్చిన "మరో చరిత్ర"లో అబ్బాయి తమిళం, అమ్మాయి తెలుగు. మనకు అంత దూరం పోనక్కరలేదు, ఒక్క డార్మిటరీలోనే మూడు భాషలున్నాయి. కోయకు, లంబాడీకి విస్తారంగా వాడుకలో ఉన్న సొంత లిపి లేదు కాబట్టి డైలాగులు తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. హీరోయిన్ చివరి డైలాగు ఆమే రాసుకుంది. "నువ్వు మంచోడివే. కానీ నాకు పరీక్షలున్నయి. తర్వాత నేనే చెప్త, నువ్వు అడగకు." ఇది చెప్పాక ఆమె నవ్వింది. నేను నవ్వమనలేదు. ఒక్కసారికే వచ్చింది.

ఇక అందరి ముందూ నా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి. మిగిలిన ఆరు షాట్లు తీయడానికి మాకు రెండు ఆదివారాలు సాయంత్రం అనుమతి ఇవ్వాలి. తెలుగు మేడం గారు పక్కన ఉంటారు.

రెండు. వీడియో ఫోనులో ఉండకూడదు. స్కూల్ కంప్యూటర్లోకి ఎక్కించి ఫోనులోంచి తీసేయాలి. వార్షికోత్సవం రోజు హాల్లో ఒకసారి వేయాలి. ఎవరూ స్టేటస్ పెట్టరాదు, ఎవరికీ పంపరాదు.

మూడు. నటించిన వాళ్ళలో ఎవరు వద్దన్నా వాళ్ళ షాటు తీసేయాలి. కారణం అడగకూడదు. ఇది మేడం గారికి కాదు, నాకు నేను పెట్టుకున్న నియమం.

నాలుగు. ట్రైలర్ వేశాక పావుగంట మాట్లాడుకోవాలి. వద్దంటే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, పద్దెనిమిదేళ్ళ లోపు పెళ్ళి మాట వస్తే ఏం చేయాలి అని. దీనికి మేడం గారే ముందు మాట్లాడాలని కోరుతున్నాను.

కొంతమంది అడగవచ్చు, "వద్దంటే అయిపోయె గదా, ఒక ట్రైలర్ కోసం ఇంత రాయాల్నా?" అని. ఆపేస్తే ఏమవుతుంది? మీరు దసరా సెలవులకు ఇంటికి పోతారు. అన్న ఫోనులో వంద ట్రైలర్లు చూస్తారు. వాటన్నింటిలో వాడు వెంటపడతాడు, ఆమె నవ్వుతుంది. మాది ఒక్కటి వేస్తే, ఒక్కదాంట్లో అయినా ఆమె ఆగి మాట్లాడుతుంది. నూటికి ఒకటి. అది చిన్న లెక్క కాదని నా అభిప్రాయం.

హీరోయిన్‌కు ఇక్కడే, అందరి ముందు క్షమాపణ చెబుతున్నాను. ఆ రోజు నీకు నవ్వు రాకపోవడం నటన రాక కాదు. నాకు రాయడం రాక.

మీ అభిప్రాయాలు చీటీ రాసి ఈ పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. తిట్లు కూడా రాయొచ్చు, పేరు మాత్రం రాయండి.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థిని,
గోడ పత్రిక బృందం, కల్లూరు