త్రీడీ టికెట్టుకు తగ్గ వెలుతురు కావాలి

త్రీడీ సినిమాలో కుడి కంటికి ఒక బొమ్మ, ఎడమ కంటికి ఇంకో బొమ్మ తెర మీద పడతాయి. ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరేలా కళ్లద్దాలు వడపోస్తాయి. చిక్కంతా ఆ వడపోతలోనే ఉంది. ప్రొజెక్టర్ ముందుండే పోలరైజింగ్ ఫిల్టరు దగ్గరే సగానికి పైగా కాంతి పోతుంది. మిగిలిన దాన్ని రెండు కళ్లూ వంతులవారీగా పంచుకోవాలి. మామూలు సినిమాకు తెర మధ్యలో 14 ఫుట్-లాంబర్టుల వెలుగు ఉండాలన్నది డిజిటల్ సినిమా ప్రమాణం. త్రీడీలో కళ్లద్దాల వెనక 4.5 దక్కితే నయమే అనుకోవాలి. తెర వెడల్పు రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలవుతుంది, అదే ల్యాంపు అంతమేరా వెలిగించాలి. అందుకే పెద్ద తెరల్లో ఈ లోటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రాత్రి సన్నివేశంలో హీరో నల్లచొక్కా వెనక గోడలో కలిసిపోతుంది. కళ్లద్దాలు తీస్తే చొక్కా మడతలు తేలతాయి, కానీ బొమ్మ రెండుగా చీలుతుంది.

రెండో లోపం ఘోస్టింగ్. ఒక కంటి బొమ్మ మసకగా రెండో కంటికి చేరి, నల్లని తెర మీద తెల్లని అక్షరాల పక్కన నీడలా నిలుస్తుంది. మామూలు తెల్లతెర కాంతి ధ్రువణాన్ని చెదరగొడుతుంది కాబట్టి ఈ పద్ధతికి సిల్వర్ స్క్రీన్ తప్పనిసరి. ఆ తెరకూ ఒక దోషముంది: మధ్య సీట్లకు ఎక్కువ వెలుగునిచ్చి, పక్క సీట్లను చీకట్లో వదిలేస్తుంది. లీనియర్ రకం కళ్లద్దాలయితే తల పక్కకు వాల్చగానే నీడ పెరుగుతుంది. అమ్మ భుజం మీద వాలి చూసే పిల్లలకు ఆటంతా అదే అవస్థ. సర్క్యులర్ రకంలో ఈ బాధ చాలా తక్కువ. గీతలు పడి, వేలిముద్రలు అంటిన కళ్లద్దాలు ఏ రకమైనా బొమ్మను మసకబారుస్తాయి.

కెమెరా వేగంగా తిరిగినప్పుడు బొమ్మ అదరడం మాత్రం హాలు తప్పు కాదు. సెకనుకు 24 ఫ్రేములు త్రీడీకి చాలవు. 2012లో 'ది హాబిట్' 48 ఫ్రేములతో వచ్చింది, 2022 నాటి 'అవతార్' రెండో భాగంలో కొన్ని సన్నివేశాలకు అదే వేగం వాడారు.

1984లో వచ్చిన దేశపు తొలి త్రీడీ చిత్రం, మలయాళ 'మై డియర్ కుట్టిచాతన్', తెలుగులో 'చిన్నారి చేతన'గా ఆడింది. 2024లో 'కల్కి 2898 ఏడీ' త్రీడీలోనూ విడుదలైంది. నలభై ఏళ్లుగా చూస్తున్న ప్రేక్షకుడికి హాలు వెలుగెంతో తెలుసుకునే హక్కుంది. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. లైట్ మీటరు ముందు త్రీడీ కళ్లద్దం పెట్టి తెర మధ్యలోనూ అంచుల్లోనూ కొలవాలి, ఆ అంకెను తేదీతో సహా బుకింగ్ కౌంటర్ దగ్గర రాసిపెట్టాలి. లైసెన్సు అధికారులు అగ్నిమాపక, విద్యుత్ తనిఖీలతో పాటు దీన్నీ చూడాలి. ప్రతి ఆటకూ కళ్లద్దాలు కడగాలి, కాలం చెల్లిన ల్యాంపు మార్చాలి, మామూలు సినిమా వేసేటప్పుడు త్రీడీ ఫిల్టరు పక్కకు తీయాలి. కొలత తగ్గిన రోజున ఆ ఆటకు త్రీడీ ధర వసూలు చేయకూడదు.